చేవ చార

ఆ వేసవి మొదట్లో మా మున్సిపల్ ఆఫీసుకి పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వానలు మొదలయ్యేలోపు ఊరికి ఏయే ఆపదలు రావచ్చో, వస్తే ఎవరు ఎక్కడికి పోవాలో, ఎవరు ఎవరికి కబురు పెట్టాలో అంతా రాసి, పటం గీసి, వార్డు సభలో అందరికీ చూపించి పంపాలట. నేను ప్లానింగ్ సెక్షన్‌లో ట్రేసర్‌ని. అంటే పటాలు గీసేదాన్ని. కనక ఆ పని వచ్చి నా మెడకు చుట్టుకుంది.

చుట్టుకుందని పైకి అన్నానేగాని లోపల సంతోషమే. నాకు ఆరా జాస్తి. "ఎదురింట్లో చెంచా కింద పడితే అది ఏ చెంచానో తెలిస్తేగాని మా కోడలికి ముద్ద దిగదు" అని మా అత్తయ్య కనబడినవాళ్ళందరికీ చెబుతుంది. అలాంటిదాన్ని పట్టుకుని, ఊరంతా తిరిగి ఎక్కడ ఏది తగలబడొచ్చో, ఏది కూలొచ్చో, ఏది పొంగొచ్చో చూసి రమ్మంటే కాదంటానా? ఐస్ ఫ్యాక్టరీ గ్యాస్ గొట్టాలు బడి ప్రహరీని ఆనుకుని పోతున్నాయని రెండు వారాల్లోనే కనిపెట్టాను. ఆసుపత్రి మెట్ల కింద పాత పరుపుల గుట్ట ఉంది, దాని మీదే కరెంటు బాక్సు. సినిమా హాలు రెండో తలుపుకి తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో మేనేజరుకే తెలియదు. మా ఆయన ఫైరింజన్ డ్రైవరు. రోజూ నేను మోసుకొచ్చే కబుర్లు విని, "ఇన్నాళ్ళూ ఏమీ తెలీక హాయిగా నిద్రపోయేవాణ్ణి కదే" అన్నాడు.

వరద సంగతి మాత్రం మా ఇంజనీరు స్వయంగా చూసుకున్నాడు. బదిలీ మీద కొత్తగా వచ్చాడు. ఎప్పుడూ నడుముకి కొలత టేపు తగిలించుకుని ఉంటాడు కనక ఆఫీసంతా టేపు సారు అనేవాళ్ళం. ముప్ఫై నాలుగేళ్ళ కిందట మా ఊళ్ళో పెద్ద వరద వచ్చింది. ఆనాటి కాగితాలు ఆ వరదలోనే తడిసి ముద్దయ్యాయి. మిగిలినవి ముసలివాళ్ళ నోళ్ళు. ఒకరు మోకాలి దాకా అంటారు, ఒకరు అటక దాకా అంటారు, ఒకాయన చెప్పిన లెక్క చూస్తే ఆ రోజు తర్వాత ఊళ్ళో ఎవరూ బతికి ఉండకూడదు.

"మాటలు వద్దు మేడం, గుర్తులు కావాలి" అన్నాడు టేపు సారు. "మనుషులు అబద్ధమాడతారు, కర్ర అబద్ధమాడదు. వరద నిలబడ్డ చోట తలుపులకి నల్ల చార మిగులుతుంది. ఎవర్నీ ఏమీ అడగొద్దు. చార ఉంటే గడప నుంచి ఎత్తు కొలవండి, లేకపోతే లేదని రాయండి."

ఆయన మనుషులిద్దరు ఊరంతా తిరిగి కొలిచారు. ఆ అంకెలు నేను పటం మీదికి ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగిపోయాను. చారలున్న గుమ్మాలు మొత్తం పదిహేను. పదిహేనూ గుట్ట వాలు మీద, పై వీధిలో ఉన్నాయి. కాలవ పక్కన ఉన్న మా కింది వీధిలో ఒక్కటంటే ఒక్క చార లేదు.

"సార్, వరద వచ్చింది మా వీధిలోకేనని మా అత్తయ్య చెబుతుంది. మెడలోతు నీళ్ళట."

"మీ వీధిలో గుర్తేది?"

నిజమే, లేదు. మా వీధిలో అన్నీ ఇనప తలుపులు, మళ్ళీ మళ్ళీ పూసిన సిమెంటు గోడలు.

"పై వీధి వెనక గుట్ట మీద మంచినీళ్ళ రిజర్వాయరుంది కదా, ఆ ఏడాది పొంగింది అదే" అన్నాడాయన. "ఆ నీళ్ళు పై వీధి మీదుగా అవతలి లోయలోకి పోయాయి. కాలవ పొంగిందన్నది మీ పెద్దవాళ్ళ కట్టుకథ."

"నీరు పల్లమెరుగు అంటారు సార్."

"నిజం దేవుడెరుగు. ఆ ముక్క కూడా అనండి మరి" అని నవ్వాడు.

పటం తయారైంది. పై వీధి ఎరుపు, కింది వీధి తెలుపు. పై వీధి బడి ఎరుపులో పడింది కనక, వరదొస్తే జనమంతా తలదాచుకోవలసిన చోటు మా వీధి చివర, కాలవ గట్టున ఉన్న పాత ధాన్యం గోదాము. పెద్దది, పైకప్పు గట్టిది, షట్టరు మీద చార లేదు. వచ్చే శుక్రవారం వార్డు సభలో చదివి ఖాయం చెయ్యడమే మిగిలింది. ఇక అత్తయ్య చెప్పింది నిజమైతే, మేము ఊరి జనాన్ని పేరుపేరునా పిలిచి నీళ్ళలో కూర్చోబెట్టబోతున్నాం.

మా మామయ్య వడ్రంగి మేస్త్రి. డెబ్బై దాటినా పెరటి వసారాలో పని బల్ల తియ్యనివ్వలేదు, చెవి మీద పెన్సిల్ తియ్యనివ్వలేదు. పై వీధిలో సగం తలుపులు ఆయన చేసినవే. వానకి ఏ రెక్క ఉబ్బినా, ఏ గడియ బిగిసినా ఇప్పటికీ ఆయనకే కబురొస్తుంది. పై వీధి పెద్ద టీచరమ్మగారయితే ఎవరు ఇంటికి వచ్చినా ముందు గుమ్మం చూపించి, ఆ తర్వాత కుర్చీ చూపిస్తారు. "ఊళ్ళో అందరి చెయ్యీ ఒక ఎత్తు, మీ మామయ్య చెయ్యి ఒక ఎత్తు. కర్రలో రవ్వంత మోసం పెట్టడు" అని అత్తయ్య అంటే, ఆయన వినబడనట్టు చిత్రిక పట్టుకుంటూ ఉండేవారు. ఆ వినబడకపోవడంలోనే ఆయన పొంగిపోవడం మాకు తెలిసేది.

ఆ సాయంత్రం టీలు తాగుతూ పటం సంగతి చెప్పాను. ముందు అత్తయ్య లేచింది.

"కట్టుకథా? వీణ్ణి నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్ళలో నడిచింది కట్టుకథా? రమ్మను మీ సార్ని!"

"నాకేమీ గుర్తు లేదమ్మా" అన్నాడు మా ఆయన.

"నెలల పిల్లాడివి. నెత్తిమీద పడుకుని నిద్రపోయావు. నీ సాక్ష్యం ఎవడిక్కావాలి?"

నేను మామయ్య వైపు తిరిగాను. "పై వీధిలో పదిహేను గుమ్మాలకి నల్ల చారలున్నాయి మామయ్యా. అవి మీరు చేసినవే కదా. వరద చారలేనంటారా?"

ఆయన చేతిలో గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. "టేకుకి చారలుంటాయిలే అమ్మాయ్" అన్నారు.

"నిలువు కర్రకి అడ్డంగా ఉంటాయా?"

ఆయన గ్లాసు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళి ఉలి నూరుకోవడం మొదలుపెట్టారు. ఆ ఉలి పొద్దున్నే నూరారు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ సామెత నాకు అప్పుడు తట్టలేదు. మా మామయ్యకీ ఆ సామెతకీ ముడిపెట్టడం నాకు చేతకాలేదు.

మర్నాడు ఆఫీసులో అంకెల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నీళ్ళు నిలబడితే పైభాగం చదునుగా ఉంటుంది. వీధి వాలుగా ఉంది కనక ఒక్కో గుమ్మం మీద చార ఒక్కో ఎత్తులో ఉండాలి, అదీ ఒక వరసలో పెరగాలి. ఇవి చిందరవందరగా ఉన్నాయి. పక్కపక్క ఇళ్ళలో ఒకటి అయిదడుగులు, ఒకటి రెండు. అంతకన్నా చోద్యం, నాలుగు గుమ్మాల మీద చార సరిగ్గా మూడడుగుల ఎత్తున ఉంది. ఒక నూలు ఎక్కువ కాదు, తక్కువ కాదు. వరద స్కేలు పట్టుకుని వస్తుందా?

ఇక నాకు కాలు నిలవలేదు. రికార్డు రూములో పై వీధి ఇళ్ళ పర్మిట్లు వెతికాను. దుమ్ముకి తుమ్ములు, కింద అట్టకి చెదలు. మూడు గంటలకి దొరికిన కట్ట మీద తేదీ చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పై వీధిలో మొట్టమొదటి ఇంటికి పర్మిట్ ఇచ్చింది వరద వచ్చిన మరుసటి ఏడాది. వరదనాటికి అక్కడ తుప్పలు తప్ప ఏమీ లేవు. ఇల్లే లేనప్పుడు గుమ్మానికి చార ఎలా పడింది?

ఆ సాయంత్రమే టీచరమ్మగారింటికి వెళ్ళాను. రిటైరయి పదేళ్ళు దాటినా, ఎవరో ఆలస్యంగా క్లాసుకొచ్చినట్టే చూస్తారు. నేను అడగకముందే గుమ్మం చూపించారు. వార్నిష్ కింద, గడప నుంచి నాలుగడుగుల ఒక అంగుళం ఎత్తున, అరచేతి వెడల్పున నల్ల చార రెండు నిలువు కర్రల మీదా సమానంగా ఉంది.

"ఇదేమిటో తెలుసా? చేవ చార" అన్నారు. "బాగా ముదిరి చేవదేలిన కొత్త టేకుకే వస్తుందట. మీ మామగారే చెప్పారు. ఇది చూసి ఈ వీధిలో అందరూ మాకూ చార ఉన్నదే కావాలని ఆయన వెంటపడ్డారు. చార లేని గుమ్మం పెట్టుకోవడం నామోషీ అయిపోయింది."

నాకు ఒక్కసారి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆవిడ మొహంలో ముప్ఫై మూడేళ్ళ గర్వం ఉంది. సెలవు తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మామయ్య పెరట్లో బల్ల దగ్గరున్నారు. పటం బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా ఒక మూల ఆయన సుత్తి, ఒక మూల చిత్రిక పెట్టాను. ఎర్ర చుక్కలు పదిహేనూ ఒక్కొక్కటే చూశారు.

"మామయ్యా, వరద తర్వాత మన వీధి పాత తలుపులన్నీ ఏమయ్యాయి?"

వసారాలో బట్టలు మడతపెడుతున్న అత్తయ్య అందుకుంది. "ఏమవుతాయి? నాని ఉబ్బిపోయాయి. రెక్క పడదు, గడియ పడదు. సహాయం కింద ఇంటికో ఇనప తలుపిచ్చారు. పాతవి పొయ్యిలో పెట్టుకోమని పదకొండిళ్ళ వాళ్ళూ మీ మామయ్యకే ఇచ్చేశారు. ఏమండీ, అవన్నీ ఏం చేశారప్పుడు?"

"పొయ్యిలో పెట్టలేదే" అన్నారు మామయ్య.

పటం మీది సుత్తి తీసి పక్కన పెట్టారు.

"రెక్కలు పోయాయిగాని ద్వారబంధాలు ఇనుములా ఉన్నాయి" అన్నారు. "ముప్ఫై నలభై ఏళ్ళు ఎండి, వారం నాని, మళ్ళీ ఎండిన టేకు. అంత మంచి కర్ర నా చేతికి మళ్ళీ రాలేదు. పైన వీధి లేస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే, వరదలో మునిగిన గుమ్మం ఎవరు పెట్టుకుంటారు? బురద చార ఎంత చిత్రిక పట్టినా పోలేదు. టీచరమ్మ ఇదేమిటని అడిగింది. చేవ చార అన్నాను. నోటికొచ్చింది, అనేశాను."

"మరి ఆ మూడడుగులవి?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అసలువి అయిపోయాయి. ఇంకా నలుగురు చార కావాలన్నారు. తుప్పు మేకులు టీ డికాక్షన్‌లో నానబెడితే సిరాలా వస్తుంది. నా కొలబద్ద మూడడుగులు. దాన్ని గడప మీద నిలబెట్టి, పై చివర దగ్గర పూశాను."

అత్తయ్య చేతిలో దుప్పటి జారింది.

"అందుకా! అందుకా ఆ ఏడాది టీపొడి నిలవలేదు! మీ చెల్లెలు పట్టుకుపోతోందని దాని మొహం మీదే అన్నాను కదండీ! ఏడాదిపాటు నాతో మాట్లాడలేదది!"

నవ్వాలో ఏడవాలో తెలియని ఇల్లు చూడాలంటే ఆ సాయంత్రం మా ఇల్లు చూడాలి. అత్తయ్యకి గుమ్మాల మోసం కన్నా టీపొడి మోసం ఎక్కువ తగిలింది. అలా కనబడింది నాకు. తర్వాత పళ్ళెం పెట్టేటప్పుడు ఆవిడ ఆయన మొహం చూడకపోవడం గమనించి, అది టీపొడి గురించి కాదని అర్థమయింది.

"పర్మిట్ తేదీలు చూపించి, పటం తప్పని నేను చెబుతాను. మీ పేరు ఎత్తను మామయ్యా" అన్నాను.

"తప్పని నువ్వంటే, ఏది ఒప్పని మీ సారు అడుగుతాడు. అప్పుడేం చెబుతావు?" పెన్సిల్ తీసి చూసుకుని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. "నాకు మిగిలింది ఆ వీధిలో మేస్త్రీ అనే పిలుపు ఒక్కటే అమ్మాయ్. చచ్చేదాకా ఉంటుందనుకున్నాను."

ఆయన వస్తారో రారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నా జీవితంలో ఆరా తియ్యకుండా ఊరుకున్న సంగతి అదొక్కటే.

శుక్రవారం బడి హాల్లో సభ. టేపు సారు పటం గోడకి తగిలించి, కర్రతో చూపిస్తూ చదివాడు. ఐస్ ఫ్యాక్టరీ గ్యాస్ వస్తే గాలికి అడ్డంగా పరిగెత్తాలన్నప్పుడు జనం శ్రద్ధగా విన్నారు. సినిమా హాలు తాళంచెవి మాట వచ్చినప్పుడు నవ్వారు. వరద దగ్గరికి వచ్చాక, "అభ్యంతరాలున్నాయా?" అన్నాడు.

నేను లేచాను. నా ఆఫీసు పటాన్ని నేనే కాదనడం, అదీ మా సారు ముందర. పర్మిట్ కట్ట పైకెత్తి తేదీ చదివాను.

"తేదీ తప్పు పడి ఉండొచ్చు మేడం. కాగితం రాసేది మనిషే కదా" అన్నాడు ఓపిగ్గా. "కర్ర మాత్రం..."

"కర్ర అబద్ధమాడదు బాబూ" అన్నారు వెనక వరసలోంచి మామయ్య. "ఆడింది నేను."

ఉతికిన చొక్కా వేసుకున్నారు. చెవి మీద పెన్సిల్ ఉంది. ఎప్పుడొచ్చి కూర్చున్నారో నేను చూడలేదు. కింది వీధి ద్వారబంధాలు పైకెలా వెళ్ళాయో, మేకులూ టీ డికాక్షనూ ఎలా కలిశాయో, తడబడకుండా, ఎవరో మేస్త్రి చేసిన పని వివరిస్తున్నట్టు చెప్పారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పై వీధి వాళ్ళు ఒక్కసారిగా లేచారు. "అంటే మాకు పెట్టింది పాత కర్రా?" "కొత్తదని చెప్పావు కదయ్యా!" ఒకాయనయితే, "మా చేవ చార టీ నీళ్ళా?" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

టీచరమ్మగారు లేవగానే హాలు అణిగింది. ఆ హాల్లో సగం మంది ఆవిడ చేత చెవి మెలిపెట్టించుకున్నవాళ్ళే.

"మేస్త్రిగారూ, నాది అసలుదా, టీ నీళ్ళదా?"

"మీది అసలుదేనమ్మా. నాలుగు గాట్లు."

"గాట్లేమిటి?"

"ఊడదీసేటప్పుడు ఏ ఇంటిదో కలిసిపోకుండా గోడవైపు పక్కన ఉలితో గాట్లు పెట్టాను. కాలవ నుంచి మొదటింటికి ఒకటి, రెండో ఇంటికి రెండు. మీది నాలుగు. అంటే..." ఆగారు. "అంటే మా ఇంటిది."

"రుజువు?" అన్నాడు టేపు సారు. అలవాటు ఎక్కడికి పోతుంది?

"గోడ పగలగొట్టి చూస్తే కనబడుతుంది."

టీచరమ్మగారు చాలాసేపు ఆయన్నే చూశారు. మొహం కందగడ్డలా ఉంది. "నలభై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పాను" అన్నారు. "నిలువు కర్రకి అడ్డంగా చేవ ఎలా వస్తుందని ఒక్కరోజు అడగలేదు. పదండి. మా గోడే పగలగొట్టండి."

సభ సభంతా ఆవిడ ఇంటికి నడిచింది. ద్వారబంధం పక్కన జానెడు సిమెంటు మామయ్యే ఉలితో రాల్చారు. టేపు సారు మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలుతో దుమ్ము తుడిచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేచి మామయ్య వైపు తిరిగి, "మిగతావి ఏ ఇంట్లో ఉన్నాయో గుర్తుందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాకున్న జబ్బే ఆయనకీ ఉందని నాకు ఆ క్షణంలో తెలిసింది.

తర్వాతి మూడు రోజులు నేను చేసినంత ఇష్టంగా ఏ పనీ చెయ్యలేదు. నాలుగు టీ చారలూ కొట్టేశాను. మిగతా పదకొండింటినీ మామయ్య చెప్పిన గాట్ల లెక్కన పటం మీద ఎక్కడివక్కడికి దింపాను. మా వీధిలో తలుపులు మారాయిగాని రాతి గడపలు కదల్లేదు, వాటి మట్టాలు టేపు సారు స్వయంగా తీశాడు. గడప మట్టానికి చార ఎత్తు కలుపుకుంటూ ఒక్కొక్క చుక్క పెట్టాను. పదకొండు చుక్కలూ ఒకే గీత మీద పడ్డాయి. స్కేలు పెట్టి చూస్తే వేలెడు తేడా లేదు. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి నీళ్ళు నా కాగితం మీద చదునుగా, కదలకుండా నిలబడ్డాయి. ఆ గీతనే గోదాము దాకా లాగాం. అక్కడ నేల బాగా పల్లం. నిలువెత్తు మనిషి మునిగి, ఆ పైన ఇంకో మూడడుగుల నీళ్ళు. టేపు సారు ఆ అంకె చూసి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళడిగాడు.

రంగులు తారుమారయ్యాయి. తలదాచుకునే చోటు పై వీధి బడి అయింది. కాలవ మెట్లలో మూడోది మునగగానే కింది వీధి ఖాళీ చెయ్యాలని ప్రణాళికలో రాశాం.

ఇంట్లో మాత్రం ఏదీ తారుమారు కాలేదు. పై వీధి నుంచి మామయ్యకి కబురు రావడం ఆగిపోయింది. తొలకరి పడి తలుపులు ఉబ్బే రోజులొచ్చినా ఒక్కరూ పిలవలేదు. ఎవరో పక్కూరి మేస్త్రిని పిలిపించుకున్నారని తెలిసింది. ఒకరోజు చూస్తే మామయ్య చెవి మీద పెన్సిల్ లేదు. నాకు ఏడుపొచ్చింది. నా ఆరా వల్లే కదా అనిపించింది. అనిపించినా, గోదాము అంకె గుర్తుకొచ్చి నోరు మూసుకున్నాను. అత్తయ్య అయితే ఆడపడుచింటికి వెళ్ళి పాత టీపొడి తగువు తీర్చుకుని వచ్చింది. "క్షమించమన్నాను. అది నవ్వింది. నాకే నవ్వు రాలేదు" అంది.

ఎవరూ అడక్కుండా మామయ్య ఒక పని చేశారు. తెల్ల రంగు డబ్బా, ఆ మూడడుగుల కొలబద్ద పట్టుకుని వీధిలో ఇనప తలుపులన్నిటి మీదా వరద ఎత్తున ఒక్కో గీత గీశారు. అద్దెకుండేవాళ్ళు ఇదేం గీత అని అడిగితే, "ఇది నిజం చార" అనేవారు.

వానాకాలం రెండో నెలలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి కాలవ మూడో మెట్టు మునిగింది. మా ఆయన ఫైరింజన్ మీద మైకు పెట్టుకుని, "ప్లాను ప్రకారం పైకి నడవండి, పైకి" అని అరుస్తూ వీధిలో తిరిగాడు. జనం సణిగారు. కానీ ఎవరికి వాళ్ళు తమ తలుపు మీది తెల్లగీత వైపు ఒకసారి చూసుకుని కదిలారు. మూటలు, ముసలివాళ్ళు, ఒకావిడ చేతిలో కుట్టు మిషను తల. బడి గదులు గంటలో నిండిపోయాయి.

నాలుగింటికి మా ఆయన తడిసి ముద్దయి వచ్చాడు. "గోదాము షట్టరు కనబడటం లేదు. పైకప్పు రేకులే కనబడుతున్నాయి" అన్నాడు. వరండాలో ఉన్న వాళ్ళంతా మామయ్య వైపు చూశారు. ఆయన తల వంచుకుని తడి చొక్కా అంచు పిండుకుంటున్నారు.

గదులు చాలక, మేము వరండాలో జల్లు కొడుతున్న చోట నిలబడ్డాం. అప్పుడు గొడుగు వేసుకుని టీచరమ్మగారు వచ్చారు. సభ రోజు నుంచి ఆవిడ మామయ్యతో మాట్లాడలేదు. ఇప్పుడూ ఆయన వైపు చూడలేదు.

"కింది వీధి నాలుగో ఇంటివాళ్ళు ఎవరు?" అన్నారు, హాజరు పిలిచినట్టు.

"మేమేనండీ" అంది అత్తయ్య.

"ఇంత ఇల్లు పెట్టుకుని వరండాలో నిలబడ్డారేం? నడవండి."

ఆవిడ వెనకే వెళ్ళాం. గుమ్మం దగ్గర అత్తయ్య మూటతో ఆగిపోయింది. ద్వారబంధం మీద చెయ్యి వేసి, చిన్నగా అటూ ఇటూ తడిమింది. ఎప్పటిదో గొళ్ళెం ఊడదీసి చెక్కతో పూడ్చిన గుంట దొరికింది. చార సరిగ్గా ఆమె మెడ దగ్గరుంది.

"మెడలోతని చెబితే ఎవరు నమ్మారు?" అంది, ఎవరితోనో చెప్పినట్టు. కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది.

మామయ్య మాత్రం గడప అవతలే ఉండిపోయారు. ఆయన చూపు తలుపు రెక్క మీద ఉంది. అది పైన ఒరుసుకుంటోంది, పూర్తిగా మూసుకోవడం లేదు. వేలితో అంచు వెంట తడిమారు. చెయ్యి అలవాటుగా చెవి మీదికి వెళ్ళింది. అక్కడేమీ లేదు. నా సంచిలోంచి పెన్సిల్ తీసి ఇచ్చాను. ఒరుసుకుంటున్న చోట చిన్న గుర్తు పెట్టారు.

"వానకి ఉబ్బిందమ్మా" అన్నారు టీచరమ్మగారితో, తల ఎత్తకుండా. "నీళ్ళు తగ్గాక వచ్చి చిత్రిక పడతాను, మీరు రమ్మంటే."

ఆవిడ గొడుగు ముడిచి, నీళ్ళు విదిలించి, మూలన ఆనించారు. ఆ తర్వాత ఆయన వైపు తిరిగారు.

"రండి మేస్త్రిగారూ, పట్టండి. చార మాత్రం చెరపకండి."